గుర్తుండిపోయే ప్రతినాయకుడు: అతడు అడిగే ప్రశ్న వల్లనా, తెర మీద అతడు నిలబడే తీరు వల్లనా?

హనుమకొండ పాఠకుడు:

మిత్రులకు నమస్కారం. మొన్న ఆదివారం సాయంత్రం వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుస్తూ ముగ్గురు మిత్రులం మొదలుపెట్టిన వాదన ఇంకా తెగలేదు కాబట్టి దానిని మీ ముందుకు తెస్తున్నాను. సూపర్ హీరో సినిమాల్లో కొందరు ప్రతినాయకులు పదేళ్లు గడిచినా మనసులో నుంచి పోరు. మరికొందరు, వాళ్లకంటే ఎంతో బలవంతులుగా చూపించినా, థియేటర్ మెట్లు దిగేలోపే మరపున పడిపోతారు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తున్నది?

నా అభిప్రాయం ఇది. ప్రతినాయకుడు కథానాయకుణ్ణి ఒక ప్రశ్న అడగాలి, ఆ ప్రశ్నకు కథానాయకుని దగ్గర అప్పటికి జవాబు ఉండకూడదు. ప్రతినాయకుడు ఓడిపోయినా, చనిపోయినా ఆ ప్రశ్న మిగిలిపోయి కథానాయకుని నడతను మార్చాలి. 2018లో వచ్చిన ‘బ్లాక్ పాంథర్’లో ప్రతినాయకుడు కిల్‌మాంగర్‌ను గుర్తు చేసుకోండి. మ్యూజియంలో గాజు పెట్టె ముందు నిలబడి, ఈ వస్తువులను మీ పూర్వీకులు సరైన ధర చెల్లించి తెచ్చుకున్నారా అని అతడు అడిగిన క్షణంలోనే ఆ పాత్ర స్థిరపడిపోయింది. ఇంత సంపద, ఇంత విజ్ఞానం ఉన్న వకాండా అనే ఆ కల్పిత ఆఫ్రికా దేశం, బయటి నల్లజాతి ప్రజలు బాధలు పడుతుంటే ఎందుకు తలుపులు మూసుకుని కూర్చున్నదన్నది అతని అసలు ప్రశ్న. అతడు ఎంచుకున్న మార్గం రక్తపాతమే, అందులో సందేహం లేదు. కానీ అతడు చనిపోయిన తర్వాత వకాండా రాజు, కథానాయకుడు టిచాలా చేసిన మొదటి పని అమెరికాలోని ఓక్లాండ్‌లో, కిల్‌మాంగర్ తండ్రి చనిపోయిన ఆ భవనాన్నే కొని, అక్కడ సేవా కేంద్రం పెట్టడానికి పూనుకోవడం. గెలిచినవాడు ఓడినవాని మాటకు విలువ ఇచ్చాడు.

దీనికి ఎదురుగా 2013 నాటి రెండవ ‘థోర్’ సినిమాలోని మాలెకిత్‌ను పెట్టి చూడండి. విశ్వమంతటినీ చీకటిలో ముంచాలని అతని కోరిక. దానికంటే పెద్ద ప్రమాదం ఊహించడం కష్టం. అయినా అతడు థోర్‌ను ఏమీ అడగలేదు, థోర్ అతని వల్ల ఏమీ నేర్చుకోలేదు, మనకూ ఏమీ గుర్తులేదు.

ఇది పాశ్చాత్యుల నుంచి కొత్తగా నేర్చుకోవలసిన విషయం కూడా కాదు. మన బమ్మెర పోతన భాగవతంలో తెలుగువాళ్లలో చదువు రానివారికి కూడా నోటికి వచ్చే పద్యం ఏదంటే, హరి ఇక్కడ ఉన్నాడు, అక్కడ లేడు అనే సందేహమే వద్దని ప్రహ్లాదుడు చెప్పే పద్యం. అది హిరణ్యకశిపుని ప్రశ్నకు జవాబుగా పుట్టిన పద్యం. అడిగినవాడు లేకపోతే ఆ జవాబు లేదు.

జనగామ రంగస్థల మిత్రుడు:

మీరు చెప్పింది బాగున్నది కానీ నేను ఒప్పుకోలేను. ప్రశ్న ముఖ్యమైతే దానిని కాగితం మీద రాసి ఇస్తే సరిపోవాలి, తెర మీద మనిషి అక్కరలేదు. మీరే హిరణ్యకశిపుణ్ణి ప్రస్తావించారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. మా ప్రాంతంలో చిందు యక్షగానం ఇంకా బతికి ఉన్నది. ఈ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు మేమంతా మా ఇంటివాళ్లకే వచ్చినట్టు సంతోషించాము. ఆ ఆటలో పాత్ర వచ్చే తీరు గమనించండి. ఎదుట అడ్డంగా తెర పట్టుకుంటారు, తాళం, మద్దెల ముందే మొదలవుతాయి, తెర కింద గజ్జెల కాళ్లు మాత్రమే కనిపిస్తాయి, కిరీటం అంచు ఒక్కసారి పైకి మెరుస్తుంది. ప్రవేశ దరువు అయ్యేసరికి, అతడు ఒక్క మాట మాట్లాడకముందే, ముందు వరుసలో కూర్చున్న పిల్లలు అమ్మ కొంగు పట్టుకుంటారు. అప్పటికి అతడు ఏ ప్రశ్నా అడగలేదు.

సినిమాలోనూ ఇదే జరుగుతున్నది. 2008లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ సినిమా ‘ది డార్క్ నైట్’లో ప్రతినాయకుడు జోకర్‌కు గతం లేదు, పేరు లేదు. మొహం మీది గాట్లు ఎలా వచ్చాయో ఒకసారి ఒక కథ, మరోసారి ఇంకో కథ చెబుతాడు, రెండూ నమ్మదగినవి కావు. మరి మనకు గుర్తున్నది ఏమిటి? నాలుకతో పెదవుల అంచు తడుపుకోవడం, మెడ ముందుకు వంచి నడవడం, ఎదుటివాడు మాట్లాడుతుండగా కళ్లు పైకి తిప్పడం. అతడు వచ్చే ముందు హాన్స్ జిమ్మర్ కూర్చిన ఆ ఒక్క స్వరం తీగను కోస్తున్నట్టు సాగుతుంది. అది వినగానే వెన్ను నిటారవుతుంది. ఆ వేషం వేసిన హీత్ లెడ్జర్ సినిమా విడుదలకు ముందే, 2008 జనవరిలో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఉత్తమ సహాయ నటునిగా ఆస్కార్ ఆయన తరఫున కుటుంబ సభ్యులు అందుకున్నారు. ఆ గౌరవం ఒక నటుని శరీరానికి, గొంతుకు దక్కిన గౌరవం.

ఇంకొక ఉదాహరణ చెప్పి ఆపుతాను. 2002 నాటి ‘స్పైడర్ మ్యాన్’లో గ్రీన్ గోబ్లిన్ మొహానికి కదలని గట్టి ముసుగు తగిలించారు. విల్లెమ్ డఫో వంటి నటుని మొహాన్ని అలా కప్పేయడం పెద్ద పొరపాటని నా నమ్మకం. ఆ సినిమాలో ఇప్పటికీ నిలిచిన సన్నివేశం ఆయన ముసుగు లేకుండా అద్దం ముందు తనతో తానే మాట్లాడుకునేది కావడం యాదృచ్ఛికం కాదు.

మంచిర్యాల విద్యార్థి:

నాది చిన్న అనుభవం. నేను ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ను 2018లో తెలుగులోనే చూశాను. విశ్వంలో సగం ప్రాణులను మాయం చేయాలనుకునే ప్రతినాయకుడు థానోస్‌కు రానా దగ్గుబాటి గారు గొంతు ఇచ్చారు. తర్వాత కాలేజీలో ఇంగ్లీషులో జోష్ బ్రోలిన్ గొంతుతో చూశాను. గొంతు మారింది, భాష మారింది, నాకు కలిగిన భయం మాత్రం మారలేదు. జనగామ అన్న చెప్పినట్టు అంతా గొంతులోనే ఉంటే ఇది ఎలా సాధ్యం?

జనగామ రంగస్థల మిత్రుడు:

తమ్ముడూ, మంచి ప్రశ్న వేశావు. కానీ డబ్బింగ్‌లో మారింది గొంతు ఒక్కటే. బ్రోలిన్ మొహంలోని ప్రతి కదలికనూ పర్ఫార్మెన్స్ క్యాప్చర్ ద్వారా, అంటే నటుని కదలికలను కంప్యూటర్‌లోకి నమోదు చేసే పద్ధతి ద్వారా తీసుకుని ఆ ఊదారంగు మొహం మీదికి ఎక్కించారు. నువ్వు రెండుసార్లూ చూసిన కళ్లు ఆయనవే.

కాజీపేట లెక్కల ఉపాధ్యాయురాలు:

థానోస్ ప్రస్తావన వచ్చింది కాబట్టి నేనూ కలుగజేసుకుంటాను. మా తరగతిలో పదో తరగతి పిల్లలు ఏటా ఎవరో ఒకరు లేచి, “మేడం, థానోస్ చెప్పింది కరెక్టే కదా, జనాభా సగమైతే అందరికీ తిండి సరిపోతుంది” అంటారు. నేను వాళ్లతో బోర్డు మీద లెక్క చేయిస్తాను. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం ప్రపంచ జనాభా 2022 నవంబరులో 800 కోట్లకు చేరింది. అందులో సగం, అంటే 400 కోట్లు, 1974 ప్రాంతంలో ఉన్న జనాభా. అంటే థానోస్ చిటిక వేసి సాధించేది మనల్ని 48 ఏళ్లు వెనక్కు పంపడం మాత్రమే. అంతటి ఘోరం చేసిన తర్వాత, ఒక మనిషి జీవితకాలం కూడా నిండకముందే సమస్య మళ్లీ అక్కడికే వస్తుంది. ఏదైనా చేయగల శక్తినిచ్చే ఆరు మణులు చేతిలో ఉన్నవాడు తిండిని రెట్టింపు చేయాలని ఎందుకు అనుకోలేదని ఒక అమ్మాయి అడిగింది. నాకు చాలా సంతోషమైంది.

ఇక్కడ నాకు తోచే విషయం ఏమిటంటే, అతని వాదన తప్పని నిరూపణ అయిన తర్వాత కూడా ఆ పిల్లలకు థానోస్ మీద ఆసక్తి తగ్గలేదు. కాబట్టి ప్రతినాయకుని ప్రశ్న సరైనదై ఉండవలసిన అవసరం లేదు. అతడు దానిని ఎంత నమ్ముతున్నాడో, దాని కోసం తనది ఏమి పోగొట్టుకుంటాడో అది ముఖ్యం. ఆ ఆరింటిలో ఒకటైన ఆత్మ మణి కోసం తాను పెంచిన కూతురు గమోరాను కొండ మీది నుంచి తోసేటప్పుడు అతడు ఏడుస్తాడు. ఆ కన్నీరు నిజం, ఆ హత్యా నిజం. పని పూర్తయ్యాక సింహాసనం ఎక్కకుండా ఒక గుడిసె ముందు కూర్చుని పొద్దును చూస్తాడు. ప్రపంచాన్ని ఏలాలనుకునే మామూలు విలన్‌కు, ఇతనికి తేడా అక్కడే తెలుస్తుంది. తాను దయాళువునని మనస్ఫూర్తిగా నమ్మే హంతకుడు అందరికంటే భయంకరుడు.

లేబర్ కాలనీ వాసి:

నేను ఎక్కువగా రాసేవాణ్ణి కాదు కానీ ఈ చర్చ చదివాక ఉండబట్టలేదు. మా నాన్న ఒక మిల్లులో పనిచేసేవారు. అది మూతబడిన రోజు ఆయన మామూలు వేళకే ఇంటికి వచ్చి, టిఫిన్ డబ్బా కడిగి బోర్లించి, చాలాసేపు దాని వంక చూస్తూ కూర్చున్నారు. అప్పుడు నాకు పదకొండేళ్లు.

2017లో వచ్చిన ‘స్పైడర్ మ్యాన్: హోమ్‌కమింగ్’ మొదటి సన్నివేశంలో నాకు ఆ రోజు కనిపించింది. ఏడ్రియన్ టూమ్స్ శిథిలాలు ఎత్తే కాంట్రాక్టరు. పని దొరికిందని కొత్త లారీలు కొన్నాడు, మనుషులను పెట్టుకున్నాడు. మధ్యలో పై అధికారులు సూట్లు వేసుకుని వచ్చి, ఇక మీదట ఇది మా పని, మీరు వెళ్లిపోండి అన్నారు. అతడు చేసిన అప్పు సంగతి ఎవరూ అడగలేదు. అతనికి లోకాన్ని ఏలాలని లేదు, ఇల్లు నిలబెట్టుకోవాలని ఉన్నది. ఆ తర్వాత ఆయుధాలు అమ్మి ఎందరి ప్రాణాల మీదికో తెచ్చాడు, దానిని నేను సమర్థించను. మా నాన్న అటువంటి దారి పట్టలేదు, ఆటో నడిపి మమ్మల్ని చదివించారు. అందుకే టూమ్స్‌ను చూస్తే నాకు జాలి, కోపం రెండూ కలుగుతాయి.

ఆ సినిమాలో నాకు అన్నిటికంటే భయం వేసిన చోట పోరాటం లేదు. టూమ్స్ కారు నడుపుతుంటాడు, కూతురు, పీటర్ అందులో ఉంటారు. కూతురు మామూలుగా చెబుతున్న మాటలు వింటూ, అద్దంలో పీటర్ వైపు చూస్తూ, ఈ పిల్లవాడే స్పైడర్ మ్యాన్ అని అతడు లెక్క కట్టుకుంటాడు. సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం పోయి పచ్చ దీపం పడుతుంది, ఆ పచ్చటి వెలుగు అతని మొహం మీద వాలుతుంది, కారు మాత్రం కదలదు. మైకేల్ కీటన్ అక్కడ గొంతు పెంచలేదు. ఇంట్లో తండ్రిగా ఉన్నవాడు, బయట శత్రువుగా ఉన్నవాడు ఒకే మనిషి కావడమే అక్కడి భయం. మలయాళంలో 2021లో వచ్చిన ‘మిన్నల్ మురళి’లో షిబు కూడా నాకు ఇలాగే దగ్గరయ్యాడు. కథానాయకుడు జైసన్ మీదా, షిబు మీదా ఒకే రాత్రి పిడుగు పడ్డది. ఒకణ్ణి ఊరు ప్రేమించింది, ఇంకొకణ్ణి పిచ్చివాడని తోసేసింది. షిబు వేషం వేసిన గురు సోమసుందరం, తాను ప్రేమించిన ఉష కోసం ఏడ్చి నవ్వినప్పుడు, విలన్‌ను చూస్తున్నానని నేను మరిచిపోయాను.

జనగామ రంగస్థల మిత్రుడు:

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. మీరు రాసింది చదివాక వాదించడం కష్టంగా ఉన్నది, అయినా ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఈ మధ్య ప్రతి విలన్‌కూ ఒక దుఃఖం అతికించడం రివాజైపోయింది. చిన్నప్పుడు తల్లి చనిపోయింది, ఊరు వెలివేసింది అని ఐదు నిమిషాలు చూపిస్తే పాత్ర లోతుగా మారుతుందని దర్శకులు అనుకుంటున్నారు. 2024 నాటి మన ‘హను-మాన్’ను తీసుకోండి. అందులో ప్రతినాయకుడు మైకేల్‌కు ఏ అన్యాయమూ జరగలేదు. సూపర్ హీరోలకు తల్లిదండ్రులు ఉండరు కాబట్టి తనకూ ఉండకూడదని చిన్నతనంలోనే కన్నవాళ్లను చంపుకుంటాడు. ఒళ్లు జలదరించే ఊహ అది, ఏ దుఃఖమూ దానికి సాటి రాదు.

హనుమకొండ పాఠకుడు:

మైకేల్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, అయితే అదే నా వాదనకు బలం. ఆ ప్రారంభంలో ఒక గొప్ప ప్రశ్న ఉన్నది: శక్తి దొరికినవాడు వీరుడా, శక్తి కోసం ఏదైనా చేసేవాడు వీరుడా? కానీ ఆ ప్రశ్న కథానాయకుడు హనుమంతును గట్టిగా తాకకముందే కథ అతనికి శక్తినిచ్చే మణిని వెతకడంలోకి, పోరాటాల్లోకి వెళ్లిపోయింది. అందుకే మనకు ఆ మొదటి పది నిమిషాల బాలుడు గుర్తున్నంతగా పెద్దయిన మైకేల్ గుర్తులేడు.

జోకర్ సంగతి మాత్రం నేను మొదట్లో ఆలోచించనే లేదు. నిన్న రాత్రి ఆ సినిమా మళ్లీ చూశాను. అతడు ప్రశ్నను మాటల్లో అడగడు, రెండు పడవల్లో పెడతాడు. ఒక పడవను పేల్చే మీట ఇంకో పడవలోని వాళ్ల చేతికి ఇచ్చి, మీరు నిజంగా మంచివాళ్లేనా అని నగరాన్ని అడుగుతాడు. ఎవరూ మీట నొక్కలేదు, అక్కడ అతడు ఓడాడు. కానీ నిజాయితీపరుడైన ప్రాసిక్యూటర్ హార్వీ డెంట్‌ను హంతకునిగా మార్చి గెలిచాడు, ఆ గెలుపును దాచడానికి బ్యాట్‌మ్యాన్ చేయని హత్యలను తన మీద వేసుకుని పారిపోవలసి వచ్చింది. లెడ్జర్ నాలుక, నడక లేకపోతే ఈ ప్రశ్న ఒక పజిల్‌గా మిగిలిపోయేదని ఇప్పుడు అనిపిస్తున్నది. పీటర్ పేరును జైలులో కూడా టూమ్స్ బయట పెట్టలేదన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుచేస్తాను. కూతురి ప్రాణం కాపాడినవాని పేరు అతని పెదవుల దాకా వచ్చి ఆగింది. దానిని మనకు తెలిపింది ఒక సంభాషణ కాదు, కీటన్ చిరునవ్వు.

జనగామ రంగస్థల మిత్రుడు:

మీరు ఒక అడుగు ముందుకు వచ్చారు కాబట్టి నేనూ ఒక అడుగు వేస్తాను. చిన్నప్పుడు మా ఊళ్లో ప్రహ్లాదుని ఆట చూసినప్పుడు ఒక విషయం నాకు అర్థం కాలేదు. స్తంభం దగ్గరకు వచ్చేసరికి, ఇందులో ఉన్నాడా అని అడిగిన తర్వాత, హిరణ్యకశిపుని వేషం కట్టిన పెద్దాయన గద ఎత్తి వెంటనే కొట్టలేదు. మద్దెల ఆగిపోయింది. ఆయన కొడుకు వైపు ఒకసారి, స్తంభం వైపు ఒకసారి చూశాడు. మరుసటి రోజు పొద్దున రంగు కడుక్కుంటున్న ఆయన దగ్గరకు వెళ్లి, తాతా, ఎందుకు ఆగావు అని అడిగాను. ఆ క్షణంలో హిరణ్యకశిపునికి కోపం లేదు బిడ్డా, పిల్లగాడు చెప్పింది నిజమేమోనని భయం పట్టుకుంది, ఆ భయం పోగొట్టుకోవడానికే కొట్టాడు అన్నాడాయన. ఆ రాత్రి మద్దెల ఆగినప్పుడు చాప మీద కూర్చున్న మా అందరి చూపూ స్తంభం మీద లేదు, ఆయన చేతిలోని గద మీద ఉన్నది.