నెఫెష్: ఊపిరి, తాను, రాయి

‘ఆత్మకథ’, ‘ఆత్మరక్షణ’ అన్నప్పుడు ఆత్మకు అర్థం ‘తాను’ అనే తప్ప దేహం విడిచిపోయే జీవుడని కాదు అని ఇక్కడ ఎవరో రాశారు. ఆ మాట చదవగానే నాకు ఎడారిలో ఒక సమాధి గుమ్మం గుర్తొచ్చింది.

సౌదీ ఎడారిలోని పాత నగరం హెగ్రాలో నబాతీయులు (రెండువేల ఏళ్ల కిందట అక్కడ రాజ్యమేలిన అరబ్బు జాతి) ఇసుకరాతి గుట్టలను పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చి సమాధులు తొలిచారు. ఒంటరిగా నిలిచిన, పని సగంలో ఆగిన ఖస్ర్ అల్ ఫరీద్ సమాధిని చూస్తే ఆ పని తీరు తెలిసిపోతుంది: పైన మెట్ల వరసల అలంకారం నున్నగా తేలింది, కింద ఉలిదెబ్బలు గరుగ్గా అలాగే ఉండిపోయాయి. అక్కడ ముప్పైకి పైగా సమాధుల ముఖాల మీద శాసనాలున్నాయి. భాష అరమాయిక్, హీబ్రూకు దగ్గరి చుట్టం. లిపిలో హల్లులే రాస్తారు, అచ్చులు చదివేవాళ్లు కలుపుకోవాలి.

క్రీ.పూ. 1 నాటి ఒక శాసనం ఇలా మొదలవుతుంది: ‘ఇది వాయిలత్ కూతురు కమ్‌కమ్, ఆమె కూతురు కులైబత్ తమకూ తమ సంతతికీ చేయించుకున్న సమాధి’. చేయించింది తల్లీకూతుళ్లు. దాన్ని అమ్మినవాణ్ణీ కొన్నవాణ్ణీ దుషర, మనోతు దేవతలు శపించాలని కూడా రాయించారు. ఇక్కడ ‘తమకు’ అన్నచోట ఉన్న మాట న-ప-ష. హీబ్రూలో నెఫెష్, అరబీలో నఫ్స్. ధాతువులో ఊపిరి ఉంది. కీర్తనల్లో ‘నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము’ అన్నచోట మన బైబిలు అనువాదకులు ‘ప్రాణం’ అన్నది ఈ మాటనే.

మన ఆత్మ నడిచిన దారీ ఇదే. అదీ మొదట ఊపిరే. సంస్కృత తామ్రశాసనాల్లో ‘మాతాపిత్రోరాత్మనశ్చ పుణ్యాభివృద్ధయే’ అని వస్తుంది: తల్లిదండ్రులకూ తనకూ పుణ్యం పెరగాలని. ఆ ‘ఆత్మనః’కు ‘తన ఆత్మకు’ అని అర్థం చెప్పేవాళ్లున్నారు. నాకది తప్పనిపిస్తుంది. కమ్‌కమ్ కూడా ‘మా ఆత్మల కోసం’ అనలేదు, ‘మా కోసం’ అంది.

అయితే నబాతీయులు ఈ మాటను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లారు. చనిపోయిన మనిషి పేరిట రాతి మీద చెక్కే కొసదేలిన చిన్న స్తంభాన్నీ నెఫెష్ అనే పిలిచారు.

*

వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి పేరిట నిలిపే రాయి) లాంటిదేనా అని ఒక అక్క అడిగారు. మనవాళ్లూ నబాతీయులూ పోయినవాళ్ల కోసమే చేశారు కాబట్టి దగ్గరే అక్కా. కానీ గల్లు అంటే రాయి. మనం రాయిని రాయి అనే పిలిచి, ముందు ‘వీర’ చేర్చాం. వాళ్లు రాయినే మనిషి అన్నారు.

జోర్డాన్‌లో నబాతీయుల రాజధాని పెట్రాకు వెళ్లే ఇరుకు కనుమ మొదట్లో రాతి గోడ మీద అలాంటి నెఫెష్ ఒకటుంది. ‘ఇది పెట్రాయస్ నెఫెష్’ అని రాసి ఉంది. అతను రఖ్ము (పెట్రాకు వాళ్ల సొంత పేరు) మనిషి, గర్షులో చనిపోయాడు, అక్కడే ఖననం చేశారు అని కూడా ఉంది. గర్షు అంటే ఇప్పటి జెరాష్, ఎక్కడో ఉత్తరాన ఉంది. ‘ఖననం’ అన్నచోట ఉన్నది ఖ-బ-ర, మన ఊళ్లలో ఖబరస్తాన్ అంటామే, ఆ మాటే. అంటే ఒకే శాసనంలో ఖబర్ జెరాష్‌లో, నెఫెష్ పెట్రాలో.

అందుకే నెఫెష్‌ను ‘సమాధి రాయి’ అని తెలుగు చెయ్యడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. దాని కింద సమాధి లేదు. నేనైతే మూలపదాన్నే ఉంచి, పక్కన ‘ఊపిరి’ అని రాస్తాను.