ఎర్ర గుర్రానికీ చాక్లెట్‌కూ ఏమిటి సంబంధం?

సిరాబుడ్డి:
చిత్రకారుడు లియొనెత్తో కప్పియెల్లోను ‘ఆధునిక ప్రకటనల పోస్టరుకు పితామహుడు’ అని నిన్న ఇక్కడ ఎవరో రాశారు. నాకు మింగుడు పడలేదు. పారిస్‌లో 1866లోనే అచ్చుకూటం పెట్టి, రంగుల లితోగ్రఫీతో (రాతి పలక మీద బొమ్మ గీసి అచ్చు తీసే పద్ధతి) వీధి గోడలకు కళ తెచ్చినవాడు జూల్ షేరే. అప్పటికి కప్పియెల్లో పుట్టనే లేదు. ఇటలీలోని లివోర్నోలో ఆయన పుట్టింది 1875లో. 1899లో ‘ఫ్రూ-ఫ్రూ’ హాస్యపత్రికకు వేసిన తొలి పోస్టరులో షేరే ఛాయలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

గోడబొమ్మ:
తొలి పనితోనే తూకం వేస్తే ఏ చిత్రకారుడూ నిలవడండీ. 1903లో క్లౌస్ చాక్లెట్‌కు వేసినది చూడండి. కాటుక లాంటి నలుపు. ఆ నలుపులోంచి దూసుకొచ్చే ఎర్ర గుర్రం, దాని మీద ఆకుపచ్చ దుస్తుల్లో ఒక స్త్రీ. అంతే. షేరే పోస్టరులో చూపు నాలుగు చోట్ల తిరుగుతుంది, ఇక్కడ ఒక్కచోటే అతుక్కుంటుంది. జనం దుకాణాల్లో ‘ఎర్ర గుర్రం చాక్లెట్’ అని అడిగేవారని చెప్పుకుంటారు. మన దగ్గర అగ్గిపెట్టెను బొమ్మ గుర్తుతో అడిగినట్టే కదా!

లెక్కల మాస్టారు:
కంపెనీ పేరు మరిచిపోయి గుర్రాన్ని గుర్తుపెట్టుకుంటే లాభం ఎవరికి? డబ్బిచ్చినవాడికా, బొమ్మ వేసినవాడికా? 1910లో చింజానో వెర్మూత్‌కు, అంటే మూలికలు కలిపిన ద్రాక్షసారాకు, జీబ్రాను తెచ్చాడు. రేపు సబ్బుకు ఒంటెను తెస్తే కూడా గొప్పే అంటారా?

గోడబొమ్మ:
జీబ్రా సంగతి ఒప్పుకుంటాను, దాన్ని వెనకేసుకు రాలేను. కానీ 1909 నాటి తెర్మొజెన్ పోస్టరు? అది ఒంటికి వెచ్చదనమిచ్చే మందు దూది. ఆ పోస్టరులో ఒక వింత మనిషి దూదిని గుండెకు హత్తుకుని నోట్లోంచి మంటలు కక్కుతుంటాడు. చదువు రానివాడికి కూడా సరుకు పని అర్థమవుతుంది. 1921లో కంపారికి వేసిన బొమ్మలో నారింజ తొక్క చుట్టలోంచి చిలిపి భూతం బయటికొస్తుంది. ఆ చేదు పానీయానికి నారింజ తొక్క పరాయిదా?

సిరాబుడ్డి:
తెర్మొజెన్ దగ్గర నేను ఓడాను. అయితే ఆ ఒడుపు పోస్టర్ల లోకంలో నేర్చినది కాదు. 1898లో పారిస్ చేరినప్పుడు ఆయన వ్యంగ్య చిత్రకారుడు. నటీనటులను నాలుగు గీతల్లో పట్టేవాడు. మనిషిలో ఒక్క లక్షణాన్ని పట్టి మిగతాది వదిలెయ్యడం అక్కడి విద్యే, దాన్నే సరుకులకు తిప్పాడు. పితామహుడు అనను, దొడ్డ ఎత్తుగడ అంటాను. 1932లో కసాండ్ర్ అనే మరో చిత్రకారుడు దుబొనే మద్యానికి వేసిన పోస్టరు వచ్చేసరికి ఆ ఎత్తుగడా పాతబడింది.

లెక్కల మాస్టారు:
మొన్న ఒక కాఫీ హోటల్ గోడ మీద సీసా బిరడా తీస్తున్న ఆకుపచ్చ భూతాన్ని చూశాను. అది కప్పియెల్లోదేనట. సీసాలో ఏముందో గుర్తు లేక ఇంటికొచ్చి వెతికాను: 1906 నాటి పోస్టరు, మోరాన్ కినా అనే మద్యానిది. పేరు మరిచిపోతారన్న నా మాటే నిజమైంది.

గోడబొమ్మ:
వెతికారుగా!