అరబ్ ముద్రణ చిత్రాల్లో ప్రతీకలు: అందరికీ తెలిసినవే వాడితే కళ పలచబడుతుందా?

చిత్రరేఖ:
పాలస్తీనా పోస్టర్లలో, ముద్రణ చిత్రాలలో తాళంచెవి, నాగజెముడు, ఆలివ్ చెట్టు దశాబ్దాలుగా కనిపిస్తున్నాయి. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పుడు పాలస్తీనీయులు విడిచి రావలసి వచ్చిన ఇల్లు, కూలిన ఊళ్ల హద్దుల్లో ఇంకా చిగురించే కంచె, నేలతో అనుబంధం అని చూడగానే అర్థమవుతుంది. అంత సులువుగా అర్థమయ్యే ప్రతీక చివరికి నినాదంగానే మిగులుతుందని నా అభిప్రాయం. 1978 నుంచి దాదాపు రెండేళ్లు జైలులో గడిపిన సిరియా కళాకారుడు యూసుఫ్ అబ్దెల్కీ, తెగిన చేప తలను, కత్తిని, పుర్రెను చిక్కని నలుపులో చూపి, ఆ హింస ఎవరిదో చూసేవారే గ్రహించేటట్లు చేస్తారు. నాకు అదే గొప్ప కళ.

సిరా మరక:
అబ్దెల్కీ గొప్పతనాన్ని నేనూ అంగీకరిస్తాను. 2013లో ఆయనను మళ్లీ అరెస్టు చేశారంటే, మౌనంగా ఉన్న ఆ చేపల వెనుక మనిషి ఎంత నిక్కచ్చిగా నిలబడ్డాడో తెలుస్తుంది. కానీ మీరు ముద్రణ చిత్రాన్ని గోడకు వేలాడే ఒంటరి బొమ్మలాగా చూస్తున్నారు. పాలస్తీనా చిత్రకారుడు స్లీమాన్ మన్సూర్ 1970లలో గీసిన, జెరూసలేం నగరాన్ని వీపున మోస్తున్న ముసలి కూలీ చిత్రాన్నే తీసుకోండి. దాని మూలప్రతి 1986లో లిబియాపై జరిగిన అమెరికా బాంబు దాడిలో నాశనమైందని చెబుతారు, అయినా అప్పటికే పోస్టరుగా అచ్చై ఇళ్లలోకి చేరినందువల్ల ఆ చిత్రం బతికింది. మన్సూర్, ఆయన మిత్రులు ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న రామల్లాలో నడిపిన 'గ్యాలరీ 79'ను ఇజ్రాయెల్ సైన్యం మూసివేసింది. పాలస్తీనా జెండాలోని నాలుగు రంగులతో బొమ్మ వేస్తే, అది పుచ్చకాయ బొమ్మ అయినా జప్తు చేస్తామని ఒక అధికారి బెదిరించినట్లు మన్సూర్ స్వయంగా చెప్పారు. ప్రదర్శనశాలే లేని చోట కాగితమే ప్రదర్శనశాల అవుతుంది, వంటింటి గోడ మీద వేలాడే ఆ కాగితం ఆ ఇంటి ముసలమ్మకూ అర్థం కావాలి. దాన్ని పలచదనం అనడం అన్యాయం.

చిత్రరేఖ:
నిషేధం ఉన్న కాలానికి మీ వాదన సరిపోతుంది. విదేశీ గ్యాలరీల కోసం అచ్చువేసే నేటి తాళంచెవుల గురించే నా అభ్యంతరం.

నల్లపలక:
ఇరాక్ కళాకారుడు దియా అల్-అజ్జావీని మీరిద్దరూ మరచిపోతున్నారు. 1976లో లెబనాన్ రాజధాని బేరూత్ దగ్గరి పాలస్తీనా శరణార్థుల తల్ అల్-జాతర్ శిబిరంలో జరిగిన ఊచకోతపై ఆయన చేసిన సిల్క్ స్క్రీన్ (బట్ట తెర గుండా సిరా అద్ది అచ్చువేసే) చిత్రాలు కవితలతో కలిసి సంపుటంగా వెలువడ్డాయి. వాటి బరువంతా మోసేది విరిగిన దేహాలే కాబట్టి, వాటిని చూడడానికి ముందస్తుగా ఏ ప్రతీకల పట్టికా నేర్చుకోనక్కరలేదు.