‘రివర్స్ థ్రస్ట్’కు తెలుగు మాట ఏది?

ప్రశ్న (గుంటూరు సభ్యురాలు): ఒక కథ అనువదిస్తున్నాను. ‘ఇంకా గాలిలో ఉండగానే పైలట్ ఇంజన్లను వెనక్కి తిప్పి విమానాన్ని ఆపాడు’ అని రాశాను. విమానం వేగం తగ్గించడానికి ఇంజన్లతో చేసే ఈ రివర్స్ థ్రస్ట్‌ను ‘వెన్నుదన్ను’ అనమని ఒకరు సలహా ఇచ్చారు. సరిపోతుందా?

జవాబు (విజయవాడ సభ్యుడు): వెన్నుదన్ను వద్దమ్మా. అది ఎన్నికల్లో ఒకరికొకరు ఇచ్చుకునేది, మనిషిని ముందుకు నడిపేది. గన్నవరంలో విమానం దిగగానే వినిపించే హోరు అందుకు పూర్తిగా విరుద్ధమైన పని చేస్తుంది. ‘ఎదురుతోపుడు’ అనండి. తోపుడు బండి అందరికీ తెలిసిందే కదా.

‘ఇంజన్లను వెనక్కి తిప్పడం’ కూడా తప్పే. జెట్ ఇంజన్ ఫ్యాన్ ఎప్పుడూ ఒకే దిక్కుకు తిరుగుతుంది, దారి మారేది గాలికే. నేటి ఇంజన్లలో ఎక్కువ వాటికి తొడుగు వెనుక భాగం జరిగి సందు తెరుచుకుంటుంది. లోపలి రేకులు అడ్డుపడి, ఫ్యాన్ తోసే గాలిని, కాలవకు అడ్డుకట్ట వేసి నీళ్లు మళ్లించినట్టు, ఆ సందులోంచి ముందువైపుకు వెళ్లగొడతాయి. ఇంజన్ నడిమి నుంచి వచ్చే వేడి గాలి మాత్రం మామూలుగా వెనక్కే పోతుంది.

పైలట్ చేసే పనికి ‘లాగడం’ సరైన క్రియ. బోయింగుల్లో ప్రధాన మీటలను పూర్తిగా వెనక్కి తెచ్చాకే, వాటి ముందున్న చిన్న మీటలు పైకి వస్తాయి. రివర్సర్ (గాలిని మళ్లించే ఆ అమరిక) తెరుచుకునే దాకా అవి ఒకచోట ఆగి, తరువాతే ఇంకా లాగనిస్తాయి. ఎయిర్‌బస్ ఏ320లో తెరమీద ‘రెవ్’ అనే అక్షరాలు మొదట కాషాయంలో, పూర్తిగా తెరుచుకున్నాక ఆకుపచ్చలో కనిపిస్తాయి. వేగం సుమారు 70 నాట్లకు (వరినాట్లు కావు, గంటకు 130 కిలోమీటర్లు) తగ్గేసరికి ఎదురుతోపుడును తగ్గించేస్తారు, లేకపోతే రన్‌వే మీది చెత్త ఇంజన్‌లోకి పోవచ్చు.

ఇక ‘గాలిలో ఉండగానే’ అన్నది తప్పకుండా తీసేయండి. 1991 మే 26న థాయిలాండ్‌లో లౌడా ఎయిర్ బోయింగ్ 767కు ఒక రివర్సర్ గాలిలోనే తెరుచుకుంది. విమానం కూలి 223 మంది చనిపోయారు.

మరొకరు: ‘తిరుగుతోపుడు’ అంటే వినసొంపుగా ఉండదా?

విజయవాడ సభ్యుడు: వినసొంపుగానే ఉంది, కానీ ‘తిరుగు’ వినగానే ఫ్యాన్ తిరగడమే మనసుకొస్తుంది, మళ్లీ పాత తప్పులోకే వెళతాం. ఎదురుగాలి, ఎదురీత వరుసలో ఎదురుతోపుడు ఇమిడిపోతుంది.

ఇంకొకరు: ఏటీఆర్ విమానాల సంగతి?

విజయవాడ సభ్యుడు: వాటికి బయట ప్రొపెల్లర్లు ఉంటాయి. అవీ వెనక్కి తిరగవు, ప్రొపెల్లర్ రెక్కల కోణం మారి గాలిని ముందుకు తోస్తాయి. కాబట్టి మాట అక్కడా చెల్లుతుంది.

గుంటూరు సభ్యురాలు: అయితే ‘చక్రాలు నేలను తాకాక పైలట్ ఎదురుతోపుడు మీటలు లాగి విమానాన్ని ఆపాడు’ అని మారుస్తాను.

విజయవాడ సభ్యుడు: ‘ఆపాడు’ బదులు ‘వేగం తగ్గించాడు’ అనండి, చివరిదాకా ఆపేది చక్రాల బ్రేకులే. మీ కథలోది నాలుగు ఇంజన్ల ఏ380 అయితే మాత్రం ‘నాలుగు మీటలు’ అని రాయకండి. దాని లోపలి రెండు ఇంజన్లకే రివర్సర్లు ఉంటాయి.