హోస్టింగ్ వాళ్లు రోజూ బ్యాకప్ తీస్తుంటే మనం మళ్లీ విడిగా దాచుకోవాలా?

పాటలపెట్టె:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఊళ్లు తిరిగి సేకరించిన నాట్ల పాటలు, తిరగలి పాటలు, పెళ్లి పాటలు వర్డ్‌ప్రెస్‌లో ఒక సైట్ పెట్టి ఎక్కిస్తున్నాను. 400 పాటల దాకా ఉన్నాయి, కొన్నిటికి ఆయన పాడిన ఆడియో కూడా ఉంది. మొత్తం 9 జీబీ. సైట్‌ని తమ సర్వర్‌లో ఉంచే హోస్టింగ్ కంపెనీ దగ్గర నేను తీసుకున్న ప్లాన్‌లో రోజూ బ్యాకప్ ఉంది, 14 రోజుల కాపీలు ఉంచుతారట. మా బావమరిది మాత్రం అది బ్యాకప్ కిందకే రాదు, సొంతంగా దించుకుని రెండు చోట్ల పెట్టుకో అంటాడు. నిన్న భోజనాల దగ్గర గంటసేపు ఇదే వాదన. డబ్బు కట్టి కొన్న సేవ ఉండగా మళ్లీ ఈ చాకిరీ అవసరమా?

సర్వర్‌గది:
అక్కర్లేదనే నా మాట. హోస్టింగ్ సపోర్ట్‌లో పదకొండేళ్లు పనిచేశాను. సొంత బ్యాకప్ అనేవాళ్లు చాలామంది మొదటి నెల తీస్తారు, తర్వాత మర్చిపోతారు, సైట్ పోయిన రోజు ఏడాదిన్నర కిందటి జిప్ ఫైల్ పట్టుకుని ఫోన్ చేస్తారు. అప్పుడు వాళ్లని ఒడ్డున పడేసింది మా దగ్గరున్న రాత్రి కాపీనే. ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకోటి ఉంది. డేటాబేస్ డంప్‌లో, అంటే సైట్‌లోని రాతలు, వివరాలన్నీ ఒకే ఫైల్‌గా తీసిన కాపీలో, మీ సైట్‌లో చేరినవాళ్ల ఈమెయిళ్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, అదే పెన్‌డ్రైవ్‌ని జిరాక్స్ షాపులో ప్రింట్లకి ఇచ్చేవాళ్లని చూశాను. కాపీలు పెరిగినకొద్దీ కాపలా కూడా పెరగాలి. చిన్న సైట్‌కి మంచి హోస్టింగ్ చాలు.

నీలిసిరా:
మీ అనుభవాన్ని కాదనను సర్వర్‌గది గారూ, కానీ ఆ "చాలు" దగ్గరే నాకు పేచీ. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ సర్వర్లుండే డేటా సెంటర్ తగలబడి, ఐదంతస్తుల భవనం ఒకటి పూర్తిగా పోయింది. బ్యాకప్‌కి విడిగా డబ్బు కట్టినవాళ్లలో కూడా కొందరికి ఏమీ మిగల్లేదు, ఎందుకంటే ఆ కాపీలూ అక్కడే ఉన్నాయి. బీరువా తాళంచెవికి డూప్లికేట్ చేయించి, దాన్ని ఆ బీరువాలోనే పెట్టుకున్నట్టు.

అసలు మంటల దాకా ఎందుకు? కార్డు గడువు తీరి రెన్యువల్ ఆగిపోతే, లేదా మీ పాస్‌వర్డ్ ఎవడో కొట్టేసి ఖాతా చెరిపేస్తే, సైటూ దాని 14 కాపీలూ ఒకేసారి పోవచ్చు. పైగా హ్యాకర్ చొరబడిన రోజే బయటపడడు. సైట్‌కి తగిలించుకున్న అదనపు సాఫ్ట్‌వేర్‌లో, అదే ప్లగిన్‌లో, అప్‌డేట్ చేయని దేన్లోంచో దూరి నెలరోజులు ఊరుకుంటాడు, మీకు తెలిసేసరికి 14 కాపీల్లోనూ అదే పురుగు. నెలకొకటి చొప్పున కనీసం ఆరు నెలల కాపీలు మీ చేతిలో ఉండాలి.

సర్వర్‌గది:
రెన్యువల్ సంగతి ఒప్పుకుంటున్నాను, అది నేనే రాయాల్సింది. కానీ ఇంట్లో హార్డ్‌డిస్క్ డేటా సెంటర్ కంటే భద్రం అని మాత్రం అనకండి.

బుడమేరుకట్ట:
ఇంట్లో డిస్క్ సంగతి నేను చెప్తాను. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు ఇంట్లోకి వస్తుంటే అమ్మని, సర్టిఫికెట్లని పైకి చేర్చాం, బీరువా కింది అరలో ఉన్న డిస్క్ గుర్తే రాలేదు. నీళ్లు తీశాక చూస్తే యూఎస్‌బీ కేబుల్ పెట్టే చోటు నుంచి సన్నటి బురద కారింది. సైట్ మాత్రం నిలబడింది, సర్వర్ వేరే ఊళ్లో ఉంది కాబట్టి. ఇప్పుడు ఒక డిస్క్ నా దగ్గర, ఒకటి హైదరాబాద్‌లో చెల్లెలి దగ్గర ఉంటాయి, పండక్కి వచ్చినప్పుడల్లా మార్చుకుంటాం.

టైపుమిషన్:
అందరూ ఎక్కడ పెట్టాలన్న దాని మీదే ఉన్నారు. పెట్టింది తెరుచుకుంటుందా అని ఒక్కరూ అడగలేదు.

2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సేవలో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్ సర్వర్‌లోనే ఫోల్డర్ చెరిపేశారు. తీరా చూస్తే, రోజూ రావాల్సిన డంప్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల ఫెయిల్ అవుతూ ఉంది, ఫెయిల్ అయిందని చెప్పే ఈమెయిళ్లు కూడా చేరలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసుకున్న స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డేటా ఎలా ఉందో అలా తీసిన కాపీ) ఉండబట్టి బయటపడ్డారు.

నాది చిన్న వెబ్ పత్రిక. సర్వర్ మారుస్తూ డంప్ ఎక్కించాను, ఎర్రర్ ఒక్కటీ రాలేదు. సైట్ తెరిస్తే డిజైన్ ఉంది, ఫోటోలున్నాయి, తేదీలున్నాయి, తెలుగు ఉండాల్సిన ప్రతిచోటా వరసగా ప్రశ్నార్థకాలు. గుండె జారిపోయింది. డంప్ తీసేటప్పుడు క్యారెక్టర్ సెట్ (ఏ లిపి అక్షరాలు రాయగలదో చెప్పే సెట్టింగ్) పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన లాటిన్-1గా ఉండిపోయింది, అందులో తెలుగు అక్షరాలకి చోటే లేదు కనక ఒక్కోదానికి ఒక్కో ప్రశ్నార్థకం రాసేసింది. ఫైల్ సైజు బాగా తగ్గిందని తర్వాత గమనించాను, మన అక్షరానికి మూడు బైట్లు, ప్రశ్నార్థకానికి ఒకటే కదా. పాత సర్వర్ ఇంకా రెండు రోజులు ఉండబట్టి తెలుగు కూడా పట్టే యూటీఎఫ్8ఎంబీ4 సెట్టింగ్ పెట్టి మళ్లీ తీసుకున్నాను, లేకపోతే ఆరేళ్ల పత్రిక పోయేది.

పాటలపెట్టె గారూ, మీ వాదన తర్వాత. ముందు ఒక కాపీ దించి ల్యాప్‌టాప్‌లో లోకల్‌గా ఎక్కించి చూడండి.

పాటలపెట్టె:
నిన్న రాత్రి చేశాను. పాటల అక్షరాలన్నీ సరిగానే ఉన్నాయి. ఆడియో నొక్కితే పలకదు. అప్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఫోటోలున్నాయి, ఆడియో ఫైల్ ఒక్కటీ లేదు. ప్లాన్ నిబంధనలు మొదటిసారి పూర్తిగా చదివాను. పెద్ద మీడియా ఫైళ్లు రోజువారీ బ్యాకప్‌లోకి రావని 11వ పాయింట్‌లో ఉంది. నాన్నగారి గొంతు ఉన్నవి 61 ఫైళ్లు, అవి ఇన్నాళ్లూ ఒక్క సర్వర్‌లోనే ఉన్నాయన్నమాట. ఇప్పుడు దించుతున్నాను, 38 అయ్యాయి. బావమరిదికి ఫోన్ చేసి చెప్పాను. సర్వర్‌గది గారూ, డేటాబేస్ ఫైల్‌కి తాళం వేయాలంటే ఏం వాడమంటారు?

సర్వర్‌గది:
ఫైళ్లని కుదించే సెవెన్‌జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఏఈఎస్-256 అనే తాళం పద్ధతి పెట్టి పాస్‌వర్డ్ ఇవ్వండి, ఫైల్ పేర్లు కూడా దాచే ఆప్షన్ టిక్ చేయండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బావమరిది గారి ఇంట్లో ఉంచండి, డిస్క్ ఉన్న చోట వద్దు. ఆ 61 ఆడియోలకి మాత్రం తాళం వేయకండి. అందరూ వినాల్సినవే కదా, ఎన్ని చోట్ల ఉంటే అంత మంచిది.