మంచు కరిగినంతసేపూ థర్మామీటర్ సున్నా దగ్గరే ఆగిపోయింది. ఆ వేడంతా ఎక్కడికి పోయినట్టు?

ఆకుపచ్చ పెన్ను:
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. "మంచుకి వేడి తగిలితే ముందు కరుగుతుంది, తర్వాతే వేడెక్కుతుంది" అని పుస్తకంలో చదివి, "ముందూ తర్వాతా ఎందుకు నాన్నా, రెండూ ఒకేసారి జరగొచ్చుగా?" అని అడిగింది. నాకు జవాబు తట్టలేదు. సరే, చేసి చూద్దాం అన్నాను.

200 గ్రాముల మంచు తూచి, చిన్న ముక్కలుగా కొట్టి పల్చటి స్టీలు గిన్నెలో వేశాం. చిన్న హీటర్ ప్లేట్‌ని బాగా తగ్గించి దాని మీద పెట్టాం. తను నిమిషానికోసారి థర్మామీటర్ చూసి చెబుతుంటే నేను నోట్‌బుక్‌లో రాశాను. మొదట మైనస్ 9. ఒక్క నిమిషంలో సున్నా. ఆ తర్వాత సున్నా, సున్నా, సున్నా... అలా 11 నిమిషాలు. ఆఖరి ముక్క వేలి గోరంత అయ్యి, మాయమయ్యాక గానీ అంకె కదల్లేదు. కదిలాక మాత్రం ఆగలేదు, ఇంకో 11 నిమిషాలకి 71 చూపించింది.

థర్మామీటర్ పాడవలేదన్నమాట. ప్లేట్ కూడా మొదటినుంచీ ఒకేలా కాలుతోంది. మరి ఆ మొదటి 11 నిమిషాల వేడి ఏమైంది? నిన్న రాత్రి నుంచీ ఇదే ఆలోచన. దయచేసి ఫార్ములా ఇచ్చి వదిలేయకండి, తనకి చెప్పగలిగేలా చెప్పండి.

నీటిబొట్టు:
మధ్యలో కలుపుతూ ఉన్నారా? కలపకపోతే గిన్నె అడుగున నీళ్ళు వేడెక్కి, పైన మంచు మంచులాగే ఉండొచ్చు. అప్పుడు థర్మామీటర్ ఎక్కడ పెడితే అక్కడి అంకె చూపిస్తుంది.

ఆకుపచ్చ పెన్ను:
కలిపామండీ, చెక్కపుల్లతో, ఆపకుండా.

పాత ల్యాబ్:
ఇరవై ఆరేళ్ళు ఫిజిక్స్ చెప్పాను. మీ అమ్మాయి అడిగిన "ముందూ తర్వాతా ఎందుకు" అన్న ప్రశ్న క్లాసులో ఎవరైనా అడిగితే ఆ రోజు పాఠం పక్కన పెట్టేసేవాణ్ణి. అంత మంచి ప్రశ్న.

మనం మాటల్లో వేడినీ ఉష్ణోగ్రతనీ ఒకటిగా వాడేస్తాం. థర్మామీటర్‌కి తెలిసింది ఒక్కటే: అణువులు సగటున ఎంత జోరుగా కదులుతున్నాయి అన్నది. లోపలికి ఎంత వేడి వెళ్ళిందో దానికి తెలియదు. మంచులో ఒక్కో నీటి అణువునీ చుట్టూ ఉన్న నాలుగు అణువులు పట్టుకుని ఉంటాయి. అది ఉన్నచోటే వణకగలదు తప్ప జరగలేదు. మైనస్ 9 నుంచి సున్నా దాకా మీరిచ్చిన వేడి ఆ వణుకుని పెంచింది, అందుకే అంకె పెరిగింది. సున్నా దగ్గర ఆ పట్టు సడలడం మొదలవుతుంది. అక్కడినుంచి వచ్చిన వేడంతా అణువుల్ని ఒకదాన్నుంచి ఒకటి విడిపించడానికే ఖర్చవుతుంది. జోరు పెరగదు, కాబట్టి అంకె కదలదు.

ఇక రెండూ ఒకేసారి ఎందుకు జరగవంటే, ఒక చుక్క తొందరపడి 2 డిగ్రీలకి చేరిందనుకోండి. దాని పక్కనే సున్నా దగ్గర మంచు ఉంది. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికే పోతుంది కదా. ఆ చుక్క తన ఎక్కువని వెంటనే మంచుకి ఇచ్చేస్తుంది, దాంతో ఇంకొంచెం మంచు కరుగుతుంది, చుక్క మళ్ళీ సున్నాకి దిగుతుంది. మీరు కలుపుతున్నారు కాబట్టి ఏ చుక్కకీ మంచుని తప్పించుకునే వీలే లేదు. గోరంత ముక్క మిగిలినా లెక్క అంతే.

మీ నోట్‌బుక్‌లో అసలైన సంగతి ఆ రెండు 11లు. ఒక గ్రాము నీళ్ళని ఒక డిగ్రీ వేడెక్కించే వేడిని ఒక కేలరీ అంటాం. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు కావాలి. 200 గ్రాములకి 16,000. అదే వేడి 200 గ్రాముల నీళ్ళకి ఇస్తే సున్నా నుంచి 80 డిగ్రీలకి చేరాలి. మీకు 71 వచ్చింది. నీళ్ళు వేడెక్కేకొద్దీ గాలికీ ఆవిరికీ కొంత పోతుంది, ఆ తేడా అదే. ఇంటి సామానుతో ఇంత దగ్గరగా రావడం చూస్తే నాకు చాలా సంతోషంగా ఉంది.

1760ల తొలినాళ్ళలో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త చేసింది దాదాపు ఇదే. ఒకే రకం గాజు పాత్రలు రెండు తీసుకున్నాడు. ఒకదాంట్లో మంచు, ఇంకోదాంట్లో అంతే బరువున్న మంచులాంటి చల్లటి నీళ్ళు. రెండిటినీ ఒకే గదిలో వేలాడదీశాడు. నీళ్ళు అరగంటలో దాదాపు 4 డిగ్రీలు పెరిగాయి. మంచు కరిగి అదే ఉష్ణోగ్రతకి రావడానికి పదిన్నర గంటలు పట్టింది. మంట కూడా లేదు, గదిలో గాలీ గడియారమూ అంతే. థర్మామీటర్‌కి కనబడని ఆ వేడినే మన పుస్తకాల్లో గుప్తోష్ణం అంటున్నాం.

నీటిబొట్టు:
ఆవిరి సంగతి కూడా చెప్పండి. మరిగే గిన్నె మీద మూత నిర్లక్ష్యంగా తీసి మణికట్టు కాల్చుకున్నాను, పది రోజులు బొబ్బ. అంతకుముందు వేడినీళ్ళు చిందినప్పుడు ఇంత కాలేదు. రెండూ 100 డిగ్రీలే కదా?

పాత ల్యాబ్:
నీళ్ళు ఆవిరి కావడానికి అణువులు పూర్తిగా విడిపోవాలి. అందుకే గ్రాముకి 540 కేలరీలు. ఆవిరి చర్మాన్ని తాకి నీరైపోగానే ఆ 540 మీ చేతి మీదే దిగుతాయి. మరిగిన నీరు ఒక గ్రాము 100 నుంచి ఒంటి వేడికి చల్లారితే ఇచ్చేది 63. ఆవిరైతే రెండూ కలిపి 603, అంటే దాదాపు పదింతలు. ఇకమీదట మూత అవతలి అంచు ముందు ఎత్తండి, ఆవిరి అటు పోతుంది. ఎప్పుడైనా కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టండి.

ఆకుపచ్చ పెన్ను:
మీ జవాబు తనకి చదివి వినిపించాను. చుక్క తన ఎక్కువని మంచుకి ఇచ్చేయడం దగ్గర ఆపి, మళ్ళీ చదవమంది. తర్వాత, "అయితే నీళ్ళు గడ్డకట్టేటప్పుడు ఆ 80 తిరిగి ఇచ్చేయాలిగా?" అంది. నిజమేనా?

పాత ల్యాబ్:
అక్షరాలా నిజం. ఫ్రీజర్ చేసే పనిలో పెద్ద భాగం ఆ 80ని బయటికి తోడెయ్యడమే. చేతులు వెచ్చబెట్టుకునే సోడియం ఎసిటేట్ ప్యాకెట్లు ఉంటాయి చూడండి, లోపలి రేకుని టక్కున నొక్కగానే ద్రవం మీ కళ్ళముందే తెల్లగా గట్టిపడుతుంది, ప్యాకెట్ 50 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఏ మంటా లేకుండా గట్టిపడటం వల్లే వచ్చిన వేడి అది. మళ్ళీ వేడినీళ్ళలో వేసి కరిగిస్తే, తీసుకున్నదంతా తిరిగి దాచుకుంటుంది.

ఆకుపచ్చ పెన్ను:
ఇవాళ కొవ్వొత్తి మైనం కరిగించి, చల్లారుతుంటే నోట్ చేశాం. నీళ్ళలాగా ఒకచోట ఆగలేదు. 58 నుంచి 53 దాకా మెల్లగా, చాలాసేపు దిగి, తర్వాత మళ్ళీ వేగం అందుకుంది. ఏమైనా తప్పు చేశామా?

పాత ల్యాబ్:
తప్పేమీ లేదు. మైనం ఒకే పదార్థం కాదు, పొడుగూ పొట్టీ అణువుల మిశ్రమం. పొడుగువి ముందు గట్టిపడతాయి, పొట్టివి ఆ తర్వాత. ఎవరి వేడి వాళ్ళు ఎవరి ఉష్ణోగ్రత దగ్గర వదులుతారు, అందుకే మీ గీత ఒకచోట ఆగకుండా వాలుగా వచ్చింది. ఆ పేజీ, మంచు పేజీ పక్కపక్కన అంటించి, రెండిటికీ ఒకే కొలతలో గ్రాఫ్ గీయించండి.