సుగాలీ కుట్టు వేసిన కుర్చీలో అద్దాలు ఊడుతున్నాయి, తప్పెక్కడ?

నమస్కారం అండీ. విజయవాడ గొల్లపూడిలో చిన్న షెడ్డు పెట్టుకుని ఫర్నిచర్ చేస్తాను. కూల్చేసిన పాత ఇళ్ల దూలాలు, ద్వారబంధాలు కొని ఆ టేకుతోనే పని. ఏళ్ల తరబడి ఆరిన కర్ర కాబట్టి వానాకాలంలోనూ పెద్దగా వంకర పోదు, మేకులు పీకడమే కష్టం. ప్లాస్టిక్ వైరు వద్దనుకుని సీటుకు గోగునార నులక అల్లిస్తున్నాను.

మాచర్ల వైపు ఒక తండాలో అక్కాచెల్లెళ్లు ఇద్దరు నెల రోజులు కూర్చుని కుట్టిన గుడ్డను ఆ నులక మీద పరిచి, చుట్టూ చిన్న మేకులతో బిగించాను. చూసినవాళ్లందరూ ముచ్చటపడ్డారు. మూడు నెలలు తిరక్కుండానే అద్దాల చుట్టూ దారం తెగింది. కొన్నవాళ్ల పాపకు కాలు గీసుకుంది. డబ్బు తిరిగి ఇచ్చేశాను. కానీ ఆ గుడ్డను కుట్టిన పెద్దామెకు చూపించడానికి మనసు రావడం లేదు. లోపం కుట్టులో ఉందా, నా పనిలోనా?

తండా కుర్రాడు, గుంటూరు
కుట్టులో లోపం లేదన్నా. మేం అమ్మను యాడి అంటాం. మా యాడి సంచి కుడితే అద్దాలు, గవ్వలు పైమడతకే. ఒంటికి ఒరుసుకునే వైపు గుడ్డ మీద గుడ్డ వేసి, ఒట్టి దారంతో దగ్గర దగ్గరగా కుట్టేది. మా పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగినవాళ్లు. మజిలీ మజిలీకి దించాలి, మళ్లీ ఎత్తాలి. కట్టి విప్పడానికి వీల్లేని వస్తువు వాళ్లకు ఎందుకు పనికొస్తుంది? మీ కుర్చీకి ఆ గుడ్డ విప్పి ఉతుక్కునే వీలుందా అన్నా?

పాత వడ్రంగి
నులక సాగుతుంది బాబూ. అది కిందికి దిగుతుంటే మేకులు గుడ్డను పట్టుకుని ఉన్నాయి, ఆ లాగుడుకే దారం తెగింది. నులక మంచానికి కాళ్ల వైపు బిగించుకునే తాడు ఎందుకుంటుందో ఆలోచించు. కుర్చీ ముందు పట్టీకి అలాంటిదే పెట్టు. ఇంకో మాట. కర్ణాటకలో సుగాలీలను లంబానీలంటారు. అక్కడి సండూరు లంబానీ కుట్టుకు 2010లోనే జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతం సరుకుకే చెల్లుతుందనే గుర్తింపు వచ్చింది, అది బళ్లారి వైపు వాళ్లది. నీ చీటీ మీద మాచర్ల తండా అనే రాయి. ఒప్పుకుంటే ఆ అక్కాచెల్లెళ్ల పేర్లు కూడా రాయి.

అడిగినవాడిని
కర్ర గురించి ఎంత ఆలోచించానో గుడ్డ గురించి అందులో పావు వంతు కూడా ఆలోచించలేదు. మేకులన్నీ పీకేశాను. ఇకమీదట సీటు ఒట్టి నులకే, కుట్టు వీపు వెనక వేలాడే గుడ్డకే, అదీ కుచ్చుల తాళ్లతో కట్టి విప్పేలా. పోయినసారి గుడ్డకు ఇంత అని ఇచ్చాను. ఈసారి రోజు కూలి లెక్కన ఇస్తాను. ఆదివారం కుర్చీని, తెగిన గుడ్డను బండిలో వేసుకుని తండాకు వెళ్తున్నాను. కట్లు ఎక్కడ రావాలో పెద్దామెనే గుర్తు పెట్టమంటాను.